9999 ఇచ్చినా మెనూ కార్డు కిందికే పోతోంది, ఎందుకు?

పేజీ పైన హెడర్ ఉంది, అందులో నొక్కితే తెరుచుకునే మెనూ ఉంది. మెనూకి జెడ్-ఇండెక్స్ 9999 ఇచ్చాను. పేజీ మధ్యలోని ఫొటో కార్డుకి ఇచ్చింది ఒట్టి 1. అయినా మెనూ తెరిస్తే దాని సగభాగం కార్డు కింద దాక్కుంటోంది. ఎందుకు?

ముందుగా, ఇంకో తొమ్మిది తగిలించి చూద్దామన్న ఆలోచన మానుకోండి. ఆ దారి పట్టినవాళ్లు చివరికి 2147483647 దగ్గర ఆగుతారు. బ్రౌజర్లు ఈ విలువను 32 బిట్ల పూర్ణసంఖ్యగా దాచుకుంటాయి కాబట్టి అంతకు మించి రాసినా లెక్కలోకి రాదు. సరిగ్గా ఆ సంఖ్యే రాసి ఉన్న కోడ్ నేను చూశాను. మెనూ అప్పటికీ కిందే ఉంది.

బీరువాలో చీరల దొంతర గుర్తుతెచ్చుకోండి. కొన్ని విడిగా ఉంటాయి, కొన్ని మూటకట్టి ఉంటాయి. అడుగునున్న మూట విప్పి, అందులోని పట్టుచీరను అన్నిటికన్నా పైన పెట్టి మళ్లీ ముడేశారనుకోండి. ఆ మూటలో ఇప్పుడు అదే పైచీర. కానీ మూట మీద పరిచిన నేతచీరను దాటి అది పైకి రాలేదు కదా. మూట ఎక్కడుంటే లోపలి చీరలూ అక్కడే. బ్రౌజర్ పేజీని ఇలాగే మూటలు మూటలుగా పేరుస్తుంది. ఆ మూటకు సాంకేతికంగా పేరు స్టాకింగ్ కాంటెక్స్ట్. మీ 9999 హెడర్ అనే మూట లోపలి లెక్క. కార్డుకిచ్చిన 1 బయటి లెక్క. ఆ రెండూ ఎన్నడూ ఎదురుపడవు. పోటీ హెడర్‌కీ కార్డుకీ మధ్య.

కానీ హెడర్‌కి నేను జెడ్-ఇండెక్స్ ఇవ్వనే లేదే! మూట ఎవరు కట్టారు?

చిక్కంతా ఇక్కడే ఉంది. జెడ్-ఇండెక్స్ రాయకపోయినా మూట పడుతుంది. ఒపాసిటీ 0.99కి తగ్గినా చాలు. ట్రాన్స్‌ఫామ్, ఫిల్టర్, క్లిప్-పాత్, పొజిషన్ ఫిక్స్‌డ్, స్టికీ, వీటిలో ఏదున్నా అంతే. ఇది బ్రౌజర్ మొండితనం కాదు. ఒక పెట్టెను సగం పారదర్శకం చేయాలంటే, దాని లోపలున్నదంతా ముందు ఒకే బొమ్మగా గీసి, ఆ తర్వాత ఆ బొమ్మను పలచన చేయాలి. ఒక బొమ్మ అయిపోయాక దాని పొరల మధ్యలోకి బయటి కార్డును దూర్చడం ఎలా?

మీ హెడర్‌కి గరుకు గాజులా వెనకది మసకగా కనిపించే సొగసు ఉంటే, అది బ్యాక్‌డ్రాప్-ఫిల్టర్ పనే. మూట కట్టింది అదే. సొంత సంఖ్య లేని మూట సున్నా వరుసలో కూర్చుంటుంది. సున్నా మీద ఒకటి, అంతే సంగతి.

నన్ను ఒక మధ్యాహ్నమంతా తిప్పలు పెట్టింది మాత్రం ఒక యానిమేషన్. మెల్లగా తేలివచ్చే పెట్టె, చివర్లో ఒపాసిటీ పూర్తిగా 1. అయినా మూట విడిపోలేదు. ఫిల్-మోడ్ ఫార్వర్డ్స్ అని రాసుంటే యానిమేషన్ అయిపోయినా దాని పట్టు వదలదని అప్పుడే తెలిసింది.

సరే, ఎలా కనిపెట్టాలి, ఎలా సరిచేయాలి?

ముందు ఇది పొరల గొడవేనా అని చూడండి. మెనూ మీద వేరే వస్తువు కనిపిస్తే అవును. మీద ఏమీ లేకుండా అంచు దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే అది ఓవర్‌ఫ్లో హిడెన్ చేసిన పని, దానికి ఈ మందు పనిచేయదు. పొరల గొడవే అయితే ఇన్‌స్పెక్టర్ తెరిచి, మెనూ నుంచి ఒక్కో తల్లి పెట్టె మీదుగా పైకి వెళ్లండి. కార్డు నుంచి కూడా అలాగే. రెండు దారులూ కలిసేచోటికి కాస్త కిందనే దోషి ఉంటుంది. అనుమానమున్న లైన్ పక్కనున్న టిక్కు తీసి చూడండి. మెనూ పైకొచ్చిందంటే దొరికినట్టే.

హెడర్‌కి జెడ్-ఇండెక్స్ 1 చాలదా అంటే, ఒక్కటే రాస్తే చాలదు. పొజిషన్ రిలేటివ్ (లేదా స్టికీ, ఫిక్స్‌డ్ లాంటిది) కూడా ఉండాలి, లేకపోతే ఆ సంఖ్యను బ్రౌజర్ పట్టించుకోదు (హెడర్ ఫ్లెక్స్ లేదా గ్రిడ్ పెట్టెకు నేరుగా బిడ్డ అయితే మినహాయింపు). ఇప్పుడు హెడర్, కార్డు రెండూ 1 దగ్గర సమానం. సమానమైతే కోడ్‌లో తర్వాత వచ్చినదే పైన, అంటే మళ్లీ కార్డే. అందుకే కార్డులున్న మెయిన్ భాగానికి ఐసొలేషన్: ఐసొలేట్ రాయండి. మనమే కావాలని కట్టే మూట అది. లోపల కార్డులు యాభై అని రాసుకున్నా బయటికి ఆ మూట విలువ సున్నాయే.

పేజీ మొత్తాన్ని కప్పే డైలాగ్ పెట్టెలకైతే ఈ లెక్కలే అక్కర్లేదు. డైలాగ్ ట్యాగ్ క్రోమ్‌లో 2014లో, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో 2022 మార్చిలో వచ్చింది. షోమోడల్‌తో తెరిస్తే అది అన్ని మూటలకూ పైనున్న టాప్ లేయర్‌లోకి వెళ్తుంది. అక్కడ జెడ్-ఇండెక్స్ చెల్లదు, చివర తెరిచినదే పైన. ‘సేవ్ అయింది’ లాంటి చిన్న సందేశం డైలాగ్ వెనక పడుతోందా? దాన్ని పాప్‌ఓవర్‌గా మార్చి, డైలాగ్ తర్వాత తెరవండి, పైన కనిపిస్తుంది. అయితే డైలాగ్ తెరిచి ఉన్నంతసేపూ బయటి పేజీలో ఏదీ నొక్కుడుకి పలకదు కాబట్టి, ఆ సందేశంలో ‘రద్దు’ బటన్ ఉంటే ఆ సందేశాన్ని డైలాగ్ లోపలే రాసుకోవాలి.