బి-కణములకు మూలుగలో జరుగు పరీక్ష

‘ఓ’ వర్గపు రక్తము గలవారి రక్తరసములో, ‘ఎ’ వర్గపు ఎర్రకణములను గుంపుకట్టించు ప్రతిరక్షకములు ఉండును. ‘ఎ’ వర్గము వారిలో అవి ఉండవు; ఉన్నచో వారి రక్తమునే పాడుచేయును. 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గములను గూర్చి ప్రకటించిన ఈ విషయము నుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. తనదేదో, పరులదేదో దేహమునకు ఎట్లు తెలియును?

ప్రతిరక్షకములను తయారుచేయునవి తెల్లకణములలో ఒక జాతియగు బి-కణములు. ఇవి ఎముకల మూలుగలో జన్మించును. ఒక్కొక్క కణము పైపొరపై ఒకే రూపము గల గ్రాహకములుండును. వానికి సరిపడు పదార్థము తగిలినపుడు ఎదిగిన కణము వృద్ధిచెంది, అదే రూపము గల ప్రతిరక్షకములను విడుచును. గ్రాహకమును నిర్మించు జన్యుఖండములు ఒక్కొక్క కణములో ఒక్కొక్క తీరున కూడుకొనునని సుసుము టోనెగావా 1976లో చూపెను. పేకముక్కలు కలిపినట్లుగా జరుగు ఈ కూర్పు వలన, దేహము ఎన్నడును ఎరుగని సూక్ష్మజీవికి సైతము సరిపడు గ్రాహకము లభించును. కాని స్వదేహమునకే అంటుకొను గ్రాహకములును తప్పక పుట్టును. మనుష్యుల మూలుగలోని లేత బి-కణములలో 55 నుండి 75 శాతము ఇట్టివే అని 2003లో ఒక పరిశోధన తెలిపినది.

ఈ కణములకు మూలుగలోనే పరీక్ష జరుగును. అచ్చట చుట్టునుండునవి చాలవరకు స్వదేహ పదార్థములే. కావున లేత కణము యొక్క గ్రాహకమునకు ఏదైన గట్టిగా అంటుకొనినచో, అది వృద్ధికి గాక ఆగుటకు సంకేతమగును. అపుడు కణము జన్యుఖండములను మరల కూర్చి, గ్రాహకమును మార్చుకొనుటకు యత్నించును. మారినను దోషము పోనిచో నశించును. అంటు బలహీనమైనచో కణము చావక మొద్దుబారును. 1988లో ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ గుడ్‌నౌ, ఆయన సహచరులు కోడిగ్రుడ్డులోని లైసోజైమును ఎలుకల దేహమే తయారుచేయునట్లు చేసిరి. ఆ ఎలుకలలో లైసోజైమును గుర్తించు బి-కణములు జీవించియుండియు మౌనము వహించెను.

అయినను అన్నియు తొలగిపోవు. రక్తములో తిరుగు ఎదిగిన కణములలో సుమారు 20 శాతము స్వదేహ పదార్థములకు కొద్దిగా అంటుకొనునవే అని 2003 నాటి పరిశోధనయే తెలిపినది. వీనినన్నిటిని తీసివేసినచో, సూక్ష్మజీవులను గుర్తించు గ్రాహకములు కూడ పెక్కు పోవును. ఎలుకలలో కొన్ని బి-కణములు స్వదేహ పదార్థము ఉన్నపుడే వృద్ధిపొందునని 1999లో తేలినది. అనగా పరీక్ష కొందరిని త్రోసివేయుటయే గాక, కొందరిని కోరి నిలుపుకొనును.

మిగిలిన కణము ప్రతిరక్షకములను విడుచుటకు సాధారణముగా టి-కణముల సహాయము కావలెను. టి-కణములు థైమస్ గ్రంథిలో వేరొక పరీక్షకు లోబడినవి. ఈ రెండు కట్టుబాట్లును సడలినపుడు వ్యాధి కలుగును. మయస్థీనియా గ్రావిస్‌లో, నరము పంపు ఆజ్ఞను అందుకొను కండరపు గ్రాహకములను ప్రతిరక్షకములు చెరచును. కనురెప్పలు వాలును, మ్రింగుట కష్టమగును. ఇట్టి కొన్ని వ్యాధులలో వైద్యులు రిటుక్సిమాబ్ అను మందుతో బి-కణములను తగ్గింతురు. కాని ఆ మందు దోషము గలవానితో పాటు మేలుచేయువానిని గూడ తొలగించును. అందుచే రోగికి అంటువ్యాధుల భయము పెరుగును. మూలుగ ప్రతిదినము చేయుచున్న వివేచన మందునకు ఇంకను పూర్తిగా అబ్బలేదు.