రెండు దేశాల తెర మీద తెలుగు పిల్ల

బాలలారా! సినిమాలో మీ ఈడు పిల్ల ఎవరైనా ఆడి పాడితే, "నాకూ ఒక వేషం ఇస్తే ఎంత బాగుండును!" అని మీకు అనిపిస్తుంది కదూ? మా మెదక్ జిల్లా శివ్వంపేటలోనూ అలా అనుకోని పిల్లలు అరుదు. అది తప్పు కోరిక కాదు. అయితే తెర ముందు కూర్చున్న వారికి కనిపించేది ఒకటి, తెర వెనుక జరిగేది మరొకటి. ఆ రెండూ తెలియటానికి ఒక తెలుగు పిల్ల కథ వినండి.

ఆమె పేరు అవంతిక వందనపు. 2005 జనవరి 25న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని యూనియన్ సిటీ అనే ఊళ్ళో పుట్టింది. వారిది హైదరాబాదు నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబం. అవంతికకు చిన్ననాటి నుంచే నాట్యం అంటే ఇష్టం. 2014లో ఉత్తర అమెరికాలోని పిల్లల కోసం "డాన్స్ ఇండియా డాన్స్ లిటిల్ మాస్టర్స్" అనే పోటీ జరిగింది. తొమ్మిదేళ్ళ అవంతిక అందులో రెండవ స్థానం సంపాదించింది.

ఆ తరువాత తెలుగు చిత్రాలలో వేషాలు వచ్చాయి. 2016లో మహేష్ బాబు కథానాయకుడుగా వచ్చిన "బ్రహ్మోత్సవం"లో ఆమె మొదటిసారి నటించింది. అదే ఏడు "ప్రేమమ్", మరుసటి ఏడు "రారండోయ్ వేడుక చూద్దాం". అన్నీ చిన్న వేషాలే.

చిన్న వేషం అంటే చిన్న పని అనుకునేరు! సినిమాలో సెకనుకు 24 బొమ్మలు మన కళ్ళ ముందు నుంచి పరుగెత్తుతాయి. రెండు గంటల చిత్రం అంటే 1,72,800 బొమ్మలు! వాటిలో మీరు చూసే ఒక చిన్న నవ్వు వెనుక ఎంత ఉన్నదో తెలుసా? దీపాలు అమర్చేదాకా కాచుకుని ఉండాలి. ఎవరో ఒకరు మాట తడబడితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. మొదటిసారి ఏ చేత్తో గ్లాసు పట్టుకున్నారో పదోసారి కూడా ఆ చేత్తోనే పట్టుకోవాలి. విసుగు మనసులో ఎంత ఉన్నా ముఖాన కనిపించకూడదు. ఎక్కాలు వల్లించినట్టే ఇదీ సాధన.

ఆ సాధన ఊరికే పోలేదు. 2021 ఆగస్టులో డిస్నీ చానెలు "స్పిన్" అనే చిత్రాన్ని ప్రసారం చేసింది. దర్శకురాలు మంజరి మాకిజానీ. అందులో రియా అనే భారతీయ అమెరికన్ పిల్ల ఇంటివారి హోటలులో సాయం చేస్తూ, మన పాటలనూ అక్కడి పాటలనూ కలిపి కొత్త సంగీతం కూర్చుతుంది. రియా వేషం పదహారేళ్ళ అవంతికది. 2024 జనవరిలో విడుదల అయిన "మీన్ గర్ల్స్"లో ఆమె కారెన్ వేషం వేసింది. అదే కథతో 2004లో వచ్చిన చిత్రంలో ఆ పాత్ర పూర్తి పేరు కారెన్ స్మిత్. అవంతిక నటించేసరికి కారెన్ శెట్టి అయింది! పాత్ర తన ఇంటిపేరు మార్చుకున్నది కాని, అవంతిక తన పేరు మార్చుకోలేదు.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేయాలి. పిల్లలు పని చేస్తే వారి చదువు ఏమవుతుంది? వారి డబ్బు ఎవరిది?

ఈ ప్రశ్న నూరేళ్ళ నాటిది. 1921లో చార్లీ చాప్లిన్ తీసిన "ది కిడ్" చిత్రంలో జాకీ కూగన్ అనే చిన్నవాడు లోకాన్నంతా నవ్వించి, ఏడిపించాడు. అతడు లక్షల డాలర్లు గడించాడు. పెరిగి పెద్దవాడై తన డబ్బు అడిగితే అది చాలా మటుకు ఖర్చయిపోయి ఉన్నది! 1938లో అతడు తల్లి మీద, మారుతండ్రి మీద దావా వేశాడు. చివరకు చేతికి వచ్చినది సుమారు 1,26,000 డాలర్లు మాత్రమే. ఆ అన్యాయం చూసి కాలిఫోర్నియా 1939లో ఒక చట్టం చేసింది. దానికి కూగన్ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ బాలనటుల సంపాదనలో నూటికి 15 వంతులు వారి పేరనే దాచాలి. చిత్రీకరణ జరిగే చోట చదువు చెప్పే ఉపాధ్యాయులు కూడా ఉండాలి.

మన దేశంలోనూ 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 2017లో నియమాలు చేశారు. బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా 3 గంటలు దాటకూడదు. ఎడతెగకుండా 27 రోజులకు మించకూడదు. చదువు ఆగకూడదు. సంపాదనలో కనీసం నూటికి 20 వంతులు బిడ్డ పేర బ్యాంకులో వేయాలి. చిత్రం తీసేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. చేతిలో ఫోను ఉన్నందువల్ల ఇప్పుడు ప్రతి ఇల్లూ ఒక స్టూడియో అయింది. "ఇంకొక్కసారి నవ్వమ్మా, ఇంకొక్కసారి ఆడమ్మా" అని బిడ్డను అడిగేటప్పుడు ఆ 5 గంటలు, ఆ 3 గంటలు జ్ఞాపకం పెట్టుకోండి. బిడ్డ "చాలు" అంటే చాలు. నిద్ర, ఆట, పాఠం తరువాతనే ఏ తెర అయినా.

పిల్లలూ! నటన మీద ఇష్టం ఉంటే మీ బడి వార్షికోత్సవం ఉన్నది. అందులో భటుడి వేషం వచ్చినా చక్కగా వేయండి. బల్లెం పట్టుకుని కదలకుండా నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. అవంతిక కూడా చిన్న వేషాల మెట్లు ఎక్కే పెద్ద వేషం అందుకున్నది.