మడత మంచాల ట్రైలర్ కొంటున్నారా? ముందు మీ కారు తలుపు తెరిచి చూడండి

అమెరికాలో వేసవి వచ్చిందంటే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. "అమ్మానాన్న వచ్చారు, ఎక్కడికి తీసుకెళ్దాం?" హోటల్ అయితే రెండు గదులు తీసుకోవాలి. మంచి క్యాబిన్లన్నీ నెలల ముందే బుక్ అయిపోతాయి. టెంట్ వేసి నేలమీద పడుకోబెడదామంటే పెద్దవాళ్ల నడుములు ఒప్పుకోవు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక ఫొటో పెడతారు. ఎస్‌యూవీ వెనక చిన్న తెల్లటి పెట్టె లాంటి బండి, దానికి ముందూ వెనకా రెక్కల్లా విచ్చుకున్న టెంట్లు. కింద ఒక లైన్: "ఆరుగురు పడుకోవచ్చు, మన కారే లాగేస్తుంది!"

దీన్నే హైబ్రిడ్ ట్రైలర్ అంటారు. బ్యాటరీ కారుకీ దీనికీ సంబంధం లేదు. సగం ఇల్లు, సగం టెంట్ కాబట్టి ఆ పేరు.

మేం ఉండేది డల్లాస్ శివార్లలో. మే నెలలో అమ్మానాన్న ఆరు నెలల కోసం వస్తున్నారని తెలిసి, జనవరి నుంచే నేనూ నా భార్యా ఈ బండ్లు చూడటం మొదలుపెట్టాం. చూసిన ప్రతిచోటా మొదట చెప్పేది ఒకటే, ఎంతమంది పడుకోవచ్చు అని. నాలుగు నెలలు తిరిగాక నాకు తేలిందేంటంటే, ఈ బండిని పడకల లెక్కతో ఎంచుకోకూడదు. రెండే ప్రశ్నలు అడగాలి. మీ కారు ఎంత మోస్తుంది? తడిసిన గుడ్డ ఎక్కడ ఆరేస్తారు?

అసలు లోపల ఏముంటుంది?

పూర్తి ట్రైలర్ అంటే నాలుగు వైపులా గట్టి గోడలుండే చక్రాల ఇల్లు. పాపప్ అంటే ప్రయాణంలో పెట్టెలా మడిచి, క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాక పైకప్పు లేపుకునే టెంట్ బండి. హైబ్రిడ్ ఈ రెండింటికీ మధ్యది. నడుమ గట్టి గోడల గది. అందులో స్టవ్, ఫ్రిజ్, సోఫా, చిన్న బాత్రూమ్. రెండు చివర్లలో గోడ కిందికి వాలి అరుగులా మారుతుంది. ఆ అరుగు మీద పరుపు, చుట్టూ కాన్వాస్, జిప్పు కిటికీలు. ప్రయాణంలో ఇవన్నీ మడిచేస్తే బండి పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇందులో ఒక సుఖం ఉంది. చాలా మోడల్స్‌లో టెంట్లు విప్పకుండానే లోపలికి వెళ్లొచ్చు. దారిలో రెస్ట్ ఏరియాలో ఆపి బాత్రూమ్ వాడుకోవచ్చు, ఫ్రిజ్‌లోంచి పెరుగన్నం తీసుకోవచ్చు. పాపప్‌లో అయితే దానికోసం పైకప్పు లేపాల్సిందే. కొనేముందు డీలర్‌ని "అన్నీ మూసేసి చూపించండి" అని అడగండి. మూసిన బండిలో బాత్రూమ్ తలుపు తెరుచుకుంటోందో లేదో మీరే లోపలికెళ్లి చూడండి.

లాగడం వేరు, మోయడం వేరు

అసలు చిక్కు ఇక్కడే. మన కార్ల గురించి అందరికీ తెలిసిన నంబర్ టోయింగ్ కెపాసిటీ. పెట్రోల్ ఇంజిన్ టొయోటా హైలాండర్ 5,000 పౌండ్లు లాగుతుంది, అదే హైలాండర్ హైబ్రిడ్ 3,500. సియెన్నా అయినా టెస్లా మోడల్ వై అయినా 3,500. ఏడాదిని బట్టీ, ట్రిమ్‌ని బట్టీ ఇవి మారొచ్చు, కాబట్టి మీ మాన్యువల్ చూసుకోవాలి.

కానీ దీనికంటే ముందే అడ్డుపడే నంబర్ ఇంకోటుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే, ఆ తలుపు ఫ్రేమ్ మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని ఒక బరువు రాసి ఉంటుంది. అదే పేలోడ్. ట్రైలర్ ముందు భాగం కారు హిచ్ మీద వేసే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో ఇది 10 నుంచి 15 శాతం ఉండాలి.

ఎడ్లబండి చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. ట్రైలర్ కూడా అంతే. టంగ్ వెయిట్ బాగా తగ్గితే హైవే మీద బండి పాము తోకలా ఊగుతుంది. పెరిగితే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. లోపల ఉండేది మన కుటుంబమే కాబట్టి "ఏం కాదులే" అనుకునే విషయం కాదిది.

మా లెక్క చెప్తాను. మా కారు మూడు వరసల ఎస్‌యూవీ. లాగేది 5,000 పౌండ్లు, స్టిక్కర్ మీద ఉన్నది 1,400. మాకు నచ్చిన మొదటి ట్రైలర్ ఖాళీ బరువు 3,700. ఖాళీగా ఎవరూ తీసుకెళ్లరు కదా. 20 గ్యాలన్ల నీళ్లు నింపితే 167 పౌండ్లు. రెండు ప్రొపేన్ సిలిండర్లూ బ్యాటరీ కలిపి 125 దాకా. దుప్పట్లు, కుర్చీలు, కుక్కర్, బియ్యం, మిగతా సామానుకి 500 వేసుకున్నాం. మొత్తం దాదాపు 4,500. ఐదు వేల లోపే ఉంది కదా! డీలర్ దగ్గరి సేల్స్ అబ్బాయి కూడా అదే అన్నాడు, "హాయిగా లాగేస్తుంది" అని.

ఇప్పుడు స్టిక్కర్ లెక్క చూడండి. నలుగురు పెద్దవాళ్లు, మా మూడేళ్ల పాప, కార్ సీటు కలిపి 640. డిక్కీలో సామాను 150. బరువు సర్దే హిచ్ 80. టంగ్ వెయిట్ 4,500లో 12 శాతం, అంటే 540. కూడితే 1,410. హద్దు దాటేసింది! లాగే బలం ఇంకా 500 పౌండ్లు మిగిలే ఉంది, మోసే బలం మాత్రం అయిపోయింది.

ఈ లెక్కకి ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు, ఐదు నిమిషాల పని. బ్రోషర్‌లో రాసే ఖాళీ బరువుని నమ్ముకోకండి. ట్రైలర్ మీద అతికించిన స్టిక్కర్‌లో నిండా సామానుతో ఉండగలిగే గరిష్ఠ బరువు ఉంటుంది, దానితో లెక్క వేయండి. అప్పటికీ మీ కారు హద్దు లోపలే ఉంటే ఇక దిగుల్లేదు. అలాగే ఈ సైజు ట్రైలర్లకి సొంత ఎలక్ట్రిక్ బ్రేకులుంటాయి. వాటిని నడిపించడానికి కారులో బ్రేక్ కంట్రోలర్, ఏడు పిన్నుల ప్లగ్ ఉండాలి. అవి పెట్టించే ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

తడి గుడ్డ సంగతి

కొనేముందు ఒక వీకెండ్ అద్దెకి తీసుకుని చూడమని నా గట్టి సలహా. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి యాప్‌లలో యజమానుల దగ్గరే అద్దెకి దొరుకుతాయి. మేం ఏప్రిల్‌లో అలా ఒకటి తీసుకుని టైలర్ స్టేట్ పార్క్‌కి వెళ్లాం. శనివారం రాత్రి టెక్సస్ మార్కు ఉరుములు, మెరుపులు, వాన. లోపలికి ఒక్క చుక్క రాలేదు. పాప అయితే కాన్వాస్ మీద వాన చప్పుడు వింటూ హాయిగా నిద్రపోయింది.

ఆదివారం ఉదయం పదకొండుకల్లా ఖాళీ చేయాలి. కాన్వాస్ ఇంకా తడిగానే ఉంది. అలాగే మడిచి తీసుకొచ్చాం. యజమానికి చెప్తే, "పర్లేదు, సాయంత్రం మా పెరట్లో విప్పి ఆరబెడతా" అన్నాడు. ఆయనకి ఊరి బయట ఎకరం స్థలం ఉంది. మాకు?

ఉతికిన దుప్పటిని తడిగానే మడిచి బీరువాలో పెడితే ఏమవుతుందో కాన్వాస్‌కీ అదే అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో విప్పి ఆరబెట్టకపోతే వాసన మొదలవుతుంది, తర్వాత నల్ల బూజు మచ్చలు. ఒకసారి పట్టాయంటే పూర్తిగా పోవడం కష్టం. ఇక్కడ చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ వాళ్లు ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో ఉంచనివ్వరు. సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు వదిలితే గొప్ప. అపార్ట్‌మెంట్లలో ఆ మాటే లేదు. నెల అద్దెకి స్టోరేజ్ తీసుకుందామంటే, కొన్నిచోట్ల రెండు బండ్ల మధ్య టెంట్ విప్పేంత చోటుండదు.

అందుకే స్టోరేజ్ వాళ్లకి ఫోన్ చేసినప్పుడు రేటు కంటే ముందు ఇది అడగండి: "బండి రెండు వైపులా టెంట్ విప్పి, ఒక పూట ఆరబెట్టుకోనిస్తారా?" కుదరదంటే ఆ స్టోరేజ్ మీకు పనికిరాదు. మీ చుట్టుపక్కల అలా ఒప్పుకునేవాళ్లు ఒక్కరూ దొరక్కపోతే హైబ్రిడ్ ఆలోచన మానేసి చిన్న గట్టి గోడల ట్రైలర్ చూసుకోవడమో, అద్దెకి తీసుకోవడమో మేలు.

ఎండ, చలి, ఎలుగుబంటి

కాన్వాస్ గోడలకి ఇంకో గుణం ఉంది. బయట ఎలా ఉంటే లోపలా అలాగే ఉంటుంది. డల్లాస్ ఆగస్టులో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన మధ్యాహ్నం నడి గదిని ఏసీ చల్లబరుస్తుంది, టెంట్ మంచం మీద మాత్రం ఉక్కపోతే. కొండల్లో చలి రాత్రి హీటర్ వేసినా వేడి గుడ్డలోంచి జారిపోతుంది. తెల్లారేసరికి లోపలి వైపు మన ఊపిరి తేమే చుక్కలుగా పట్టి ఉంటుంది. వసంతం, శరదృతువు దీనికి సరైన కాలం.

అందరి లిస్టులోనూ ఉండే యెల్లోస్టోన్ సంగతి కూడా తెలుసుకోండి. అక్కడి ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్‌లోకి గట్టి గోడల బండ్లనే రానిస్తారు. అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి టెంట్లు, టెంట్ ట్రైలర్లు కుదరవు. హైబ్రిడ్ ఉన్నవాళ్లు పార్క్‌లోని వేరే క్యాంప్‌గ్రౌండ్లు చూసుకుని ప్లాన్ వేసుకోవాలి. ఎలుగుబంట్లు ఉండే ఏ పార్క్‌కి వెళ్లినా, బుకింగ్‌కి ముందు కాన్వాస్ బండికి అనుమతి ఉందా లేదా అని కనుక్కోండి.

ఎవరు ఎక్కడ పడుకుంటారు?

టెంట్ మంచం నేల నుంచి బాగా ఎత్తులో ఉంటుంది. లోపలి నుంచి ఎక్కాలంటే మోకాలు ఆనించి పైకి పాకాలి. గోడ వైపు పడుకున్నవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేస్తే పక్కవాళ్లని దాటాలి. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ ముందే చెప్పేసింది, "ఒరేయ్, అంత ఎత్తు నేనెక్కలేన్రా" అని. "మరి ఇది బస్సా, ఇల్లా?" అని నాన్న డౌటు.

అందుకే సోఫా పూర్తిగా మంచంగా మారే మోడల్స్ మాత్రమే చూశాం. పెద్దవాళ్లకి నడి గది, మాకు ఒక టెంట్ మంచం. రెండోది పగలు పాప ఆటలకి, రాత్రి సంచులకి. బ్రోషర్‌లో రాసిన ఆరుగురు మా లెక్కలో ఐదుగురయ్యారు. చూడటానికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లందరూ ఎవరి మంచం మీద వాళ్లు ఒకసారి నిజంగా పడుకుని, లేచి చూడండి. టెంట్ మంచానికి కూడా ఇంత బరువే మోయాలని ఒక హద్దు ఉంటుంది, అది చదవండి.

సెకండ్ హ్యాండ్ అయితే

ఎదురుగా నిలబడి అన్నీ విప్పించండి. మొదటి పరీక్ష ముక్కుతోనే. లోపలికెళ్లి కిటికీలు మూసి వాసన చూడండి. మంచం తలుపుల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు హైబ్రిడ్‌లో బలహీనమైన చోటు. ఆ మూలల కింద నేలని కాలితో నొక్కి చూడండి, మెత్తగా దిగితే నీళ్లు ఎప్పటినుంచో కారుతున్నట్టే. బయటి గోడ మీద బుడగల్లా ఉబ్బినా అంతే. టైర్ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటితే అరుగుదల కనిపించకపోయినా కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

ఇంకో చిట్కా. రాక్‌వుడ్ రూ, ఫ్లాగ్‌స్టాఫ్ షామ్‌రాక్ అని రెండు పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. రెండూ ఫారెస్ట్ రివర్ కంపెనీవే, దాదాపు కవల పిల్లలు. కాబట్టి రెండు పేర్లతోనూ వెతికి ధర పోల్చుకోండి.

చివరికి ఏది తీసుకున్నాం?

17 అడుగుల పాతది, రెండు టెంట్ మంచాలు, ఒక సోఫా. నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాకే నింపుతాం. సామానుతో 3,800 పౌండ్లు, టంగ్ వెయిట్ 456. మొత్తం లెక్క 1,326కి వచ్చింది. స్టిక్కర్‌కి ఇంకా 74 పౌండ్లు లోపలే ఉన్నాం. స్టోరేజ్ ఇంటికి నలభై నిమిషాల దూరం, కాకపోతే కంకర పరిచిన ఖాళీ స్థలం. టెంట్లు విప్పి పెట్టుకోనిస్తారు.

స్టోరేజ్ అద్దె, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఏడాదికి ఎంతో కూడి, మీరు నిజంగా అందులో పడుకోబోయే రాత్రులతో భాగించండి. ఏడాదికి నాలుగైదు రాత్రులే అయితే అద్దె బండే చవక. అమ్మానాన్న ఉండే ఆరు నెలల్లో మేం పదిహేను రాత్రులైనా వెళ్తాం, ఆగస్టు వదిలేసి. ఆ రాత్రుల్లో ఏ ఒక్కదానిలోనూ వెనకనుంచి బండి ఊగుతుందేమోనన్న భయం ఉండకూడదని ఈ లెక్కలన్నీ.