మీకు తెలుసా? తలకిందుల భూగోళం
అపోలో 17 వ్యోమగాములు 1972 డిసెంబరు 7న చంద్రుడి దారిలో తీసిన నిండు భూమి ఫొటోను పుస్తకాల్లో, క్యాలెండర్లలో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. అసలు ఫిల్ములో మాత్రం అది తలకిందులుగా ఉంటుంది: అంటార్కిటికా పైన, అరేబియా కింద! మన కళ్ల అలవాటుకు తగ్గట్టు తిప్పి అచ్చేశారు. అలా తిప్పిన బొమ్మలో కుడివైపు పై అంచున ఓ మేఘం సుడి తిరిగి ఉంటుంది. రెండు రోజుల ముందు తమిళనాడును ముంచెత్తిన తుపాను అదే.

ఇలాంటి అపోలో ఫిల్ములను స్కాన్ చేసి 8,400కు పైగా ఫొటోలను 2015లో ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టారు. మసకబారినవి, వంకరగా పడ్డవి కూడా తీసేయలేదు. నన్నడిగితే అసలు సరదా వాటిలోనే ఉంది. ప్రతి ఫొటోకూ ఒక నంబరు. ఏఎస్11-40-5903 అంటే అపోలో 11, 40వ ఫిల్ము మ్యాగజీను, 5903వ ఫ్రేము. చంద్రుడిపై నిలబడ్డ వ్యోమగామి ఆల్డ్రిన్ ఫొటో అది. కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలోనే ఉండటంతో, పెళ్లి ఆల్బమ్‌లో ఫొటోగ్రాఫర్‌లా, తొలి అడుగు వేసిన మనిషే ఫొటోల్లో దాదాపు కనిపించడు. ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దాన్ని పెద్దది చేసి చూడండి. అందులో ల్యాండర్ పక్కన తెల్లగా, చిన్నగా నిలబడ్డది ఆర్మ్‌స్ట్రాంగే.