గొంతు మారిన వేళ

గూడూరునుండి వాకాటికి పోవు బాటలోనున్న కోట, ఆ ప్రాంతపు తీరగ్రామములకు అంగడి వంటిది. సాయంకాలమగునప్పటికి రొయ్యల గుంటలనుండి మరలు పనివారును, బడి విడిచిన పిల్లలును, గూడూరు బస్సు దిగినవారును ఒకే వీథిలో కలిసి సాగుచుందురు. ఇట్టి యూళ్లలో టీ అంగడి బల్లలమీద నేటికిని తెగని తగవొకటి కలదు. అది పొలము గట్టును గూర్చినది కాదు. ఎన్నికలను గూర్చినదియు కాదు. ఘంటసాల గొప్పవాడా, బాలు గొప్పవాడా యన్నదే ఆ తగవు.

"పాటంటే ఘంటసాలతోనే పోయిందిరా అబ్బయ్యా! ఆ తర్వాత వచ్చిందంతా వాయిద్యాల గోలే" అని పింఛను పుచ్చుకొనుచున్న అయ్యవారు తీర్పు చెప్పును. "అదేంది అయ్యోరా, మన నెల్లూరు బాలు తక్కువ పాడాడా ఏంది?" అని ఆయనకడ చదువుకొన్నవాడే ఎదురాడును. టీ చల్లారును గాని వాదము చల్లారదు. మరునాడు మరల మొదటికి వచ్చును.

పైకి ఇది ఉత్త రుచిభేదముగా కనబడవచ్చును. కాని దీని మూలము ఒక తేదీలో నున్నది. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో ఘంటసాల వేంకటేశ్వరరావు కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు మాత్రమే. ఆనాడు ప్రతి తెలుగు శ్రోత మనస్సునను కలిగిన ప్రశ్న యొక్కటే: "ఇక ఎవరు పాడుదురు?" టీ అంగడి తగవు ఆ ప్రశ్నకు నేటికిని వెదకుచున్న జవాబు.

ఇట్టి ప్రశ్న తెలుగువారికి మాత్రమే కలుగలేదు. ఇంగ్లండులో 1967లో ఒక పాఠశాల విద్యార్థులు కలిసి 'జెనెసిస్' అను గానబృందమును స్థాపించిరి. వారిది ప్రోగ్రెసివ్ రాక్ అనబడు బాణీ. అనగా మూడు నిమిషముల పాటతో తృప్తిపడక, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమువలె ఇరువది నిమిషములవరకు సాగు రచనలు చేయు బాణీ. వారి ప్రధాన గాయకుడు పీటర్ గేబ్రియల్. అతడు చిత్రవిచిత్ర వేషములు ధరించి రంగమున నిలిచినప్పుడు ప్రేక్షకులకు ఆ బృందమనగా అతడే. అట్టివాడు 1975లో బృందమును విడిచెను. పత్రికలు ఆ బృందము కథ ముగిసినదని వ్రాసినవి. మిగిలిన నలుగురు ఎందరో గాయకులను పరీక్షించి, ఎవరును నచ్చక, తుదకు తమలో డ్రమ్ములు వాయించు ఫిల్ కాలిన్స్‌నే పాడుమనిరి. అతడు గేబ్రియల్ వేషములు వేయలేదు. అతని గొంతును అనుకరింపను లేదు. 1976లో వెలువడిన వారి తరువాతి రికార్డు ఆ దేశపు పట్టికలో 3వ స్థానమున నిలిచెను. అయినను గేబ్రియల్ నాటి బృందమే బృందమనువారును, కాలిన్స్ పాటనే మెచ్చువారును నేటికిని వాదులాడుచునే యున్నారు. 2022 మార్చిలో లండనులో ఆ బృందము తుది కచేరీ చేసినప్పుడు గేబ్రియల్ ప్రేక్షకులలో కూర్చుండి వినెను. గాయకుల నడుమ లేని పగ అభిమానుల నడుమ నిలిచియుండుట గమనింపదగినది.

అదే దేశమున అదే బాణీలో 'యెస్' అను మరియొక బృందము కలదు. దాని గాయకుడు జాన్ ఆండర్సన్ 2008లో తీవ్రముగా జబ్బుపడగా, ఆ బృందమువారు వేరొక మార్గము త్రొక్కిరి. తమ పాటలనే అచ్చముగా పాడి చూపు ఒక అనుకరణ బృందములోని కెనడా గాయకుని తెచ్చి ఆ స్థానమున నిలిపిరి. అతడు 2012లో తప్పుకొనగా, మరల అట్టి అనుకరణ బృందములో పాడిన వేరొకనినే పిలిచిరి. పాత పాటలు పాతవానివలెనే వినబడవలెనను కోరిక దీనికి కారణము. ఆ కోరిక అసహజమైనది కాదు.

ఒక గొంతు పోయినప్పుడు విన్నవారి ముందు ఈ రెండు దారులే యుండును. పోయిన గొంతును పోలిన గొంతును వెదకుట మొదటిది. పోలికను కోరక కొత్త గొంతునకు చోటిచ్చుట రెండవది. మొదటిది దుఃఖమును చల్లార్చును. రెండవది దుఃఖమును మరికొంత కాలము నిలుపును గాని పాటను బ్రతికించును. 1974 నాటి తెలుగు శ్రోతల యెదుట ఈ రెండు దారులును ఇద్దరు యువకుల రూపమున నిలిచినవి.

ఆ స్థానము ఎంత పెద్దదో మొదట తెలిసికొనవలెను. కృష్ణా మండలములోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల, విజయనగరపు సంగీత కళాశాలలో చదివి, 1942 ఉద్యమమున జైలుకు పోయి, ఆపైన మద్రాసు చేరెను. 1951 నాటి 'పాతాళభైరవి'కి సంగీతము కూర్చినదియు, అందు కథానాయకునికి పాడినదియు ఆయనయే. రామారావునకును నాగేశ్వరరావునకును ఆయన గొంతే గొంతైనది. పద్యమును రంగస్థలమునుండి తెరకు తెచ్చి, రాగాలాపనను కుదించి, అక్షరము చెదరకుండ పాడుట ఆయన చూపిన దారి. ఆ గొంతు లేని కథానాయకుని ఊహించుకొనుటకు ప్రేక్షకుడు సిద్ధముగా లేడు.

అప్పటికే చలనచిత్రములలో ప్రవేశించియున్న వి. రామకృష్ణ శారీరము ఘంటసాల శారీరమునకు మిక్కిలి దగ్గరగా నుండెను. 1972 నుండి నాగేశ్వరరావు చిత్రములలో అతని పాటలు వినవచ్చుచుండెను. 1974 మేలో, అనగా ఘంటసాల పోయిన మూడు మాసములకు విడుదలైన 'అల్లూరి సీతారామరాజు'లో శ్రీశ్రీకి జాతీయ పురస్కారము తెచ్చిన పాటను ఘంటసాలయు రామకృష్ణయు కలిసి పాడిరి. పోయినవాని గొంతును, అతనిని పోలినవాని గొంతును ఒక్క పాటలో విన్న శ్రోతలకు దారి దొరికినట్లే తోచినచో ఆశ్చర్యమేమున్నది?

రెండవ యువకుడు నెల్లూరువాడు. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టెను. తండ్రి సాంబమూర్తి నెల్లూరులో హరికథలు చెప్పి కుటుంబమును పోషించినవాడు. బాలు శాస్త్రీయ సంగీతమును గురువు నొద్ద పద్ధతిగా నేర్వలేదు. తండ్రిని వినియు, హార్మోనియము మెట్లు తానై వెదకియు నేర్చెను. ఇంజనీరగుటకై చదువుచుండినవాడు. కోటకు దగ్గరనున్న గూడూరులో జరిగిన పాటల పోటీలో అతనిని విని, సినిమాలలో పాడగలవని ప్రోత్సహించినది గాయని ఎస్. జానకి. ఆపైన మద్రాసులో జరిగిన పోటీలో సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి కంటబడెను. 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' కొరకు పాడినదే బాలు మొదటి సినిమా పాట. ఆ పాటలో సుశీలయు, పి.బి. శ్రీనివాసును, ఈలపాట రఘురామయ్యయు అతనితో గొంతు కలిపిరి. నాటకరంగపు పెద్దగొంతు ప్రక్కన నిలిచి ఒక ఇరువదేండ్ల బాలుడు పాడెను.

ఆ గొంతు ఘంటసాల గొంతువంటిది కాదు. అది పలుచనైనది, లేతయైనది, నవ్వుతో కూడినది. అట్టి గొంతు పౌరాణిక పద్యమును మోయగలదా, పెద్ద నటుల పెదవులకు అతుకునా అని సందేహించినవారిని తప్పుపట్టలేము. బాలు ఆ సందేహమునకు ఘంటసాలను అనుకరించి సమాధానము చెప్పలేదు. పాత్ర ధరించువాని మాటతీరును, ఊపిరి విరుపును గమనించి, ఆ నటుడే పాడుచున్నట్లు తన గొంతును మలచుకొనుట అభ్యసించెను. 1977లో 'అడవిరాముడు' పాటలు ఊరూర మ్రోగినప్పుడు, రామారావునకు ఈ గొంతు అతుకునా యను ప్రశ్నను అడుగువారు తగ్గిరి.

అసలు పరీక్ష 1980 ఫిబ్రవరిలో విడుదలైన 'శంకరాభరణము'తో వచ్చెను. ఒక శాస్త్రీయ విద్వాంసుని కథకు, శాస్త్రమును గురువు నొద్ద చదువనివాడు పాడవలసి వచ్చెను. కె.వి. మహాదేవన్ సహాయకుడు పుహళేంది ఓర్పుతో పాఠము చెప్పగా, బాలు విద్యార్థియై నేర్చి పాడెను. ఆ పాటలకు అతనికి మొదటి జాతీయ పురస్కారము లభించెను. తరువాతి కాలమున అట్టి పురస్కారములు నాలుగు భాషలలో మొత్తము 6 అయినవి. పెద్ద పేరు వచ్చిన తరువాత కూడ ఒకరి యెదుట కూర్చుండి పాఠము చెప్పించుకొనుట ఉపాధ్యాయులు తమ పిల్లలకు తప్పక చెప్పదగిన సంగతి.

అట్లయినచో రామకృష్ణ ఓడిపోయెనా? అట్లనుట న్యాయము కాదు. అతడు చక్కని గాయకుడు. ఎన్నో మంచి పాటలు పాడి 2015లో కన్నుమూసెను. అతని కష్టము వేరు. శ్రోతలు అతనిలో అతనిని వినలేదు, పోయినవానిని విన్నారు. పాట బాగున్నచో "ఘంటసాలవలె నున్న"దనిరి. బాగులేనిచో "ఘంటసాల కాదు గదా" యనిరి. మెప్పులోను తప్పులోను అతని పేరు రెండవదే యయ్యెను. పోలికను మెచ్చుట మేలు చేయుటవలె కనబడును గాని, ఒక మనుష్యుని అతని గొంతునుండియే వెలివేయుటయు అగును.

వాదులాడు అయ్యవారు మరచు మాట యొకటి కలదు. ఘంటసాల కూడ ఒకప్పుడు కొత్త గొంతే. ఆయనకు ముందు తెరమీద పాటయనగా నటుడు తానే పాడునది. 1946 నాటి 'త్యాగయ్య'లో నాగయ్య నటించెను, పాడెను కూడ. నటుడొకడు, గొంతొకడు అను ఏర్పాటు స్థిరపడిన తరువాతను అన్ని పాటలును ఘంటసాలవి కావు. 1955 నాటి 'మిస్సమ్మ'లో రామారావునకు పాడినది ఏ.ఎం. రాజా. ఎవరి యౌవనమున ఏ గొంతు మ్రోగెనో వారికి అదియే అసలు గొంతు. మద్రాసు ఆకాశవాణి యెదుట చెవి యొగ్గి కూర్చున్న వయస్సు మరల రాదు. అయ్యవారు ఘంటసాలను సమర్థించునప్పుడు ఆ వయస్సునే సమర్థించుచున్నాడు, శిష్యుడును అంతే.

ఈ తగవును బాలు తాను ఎన్నడును ఒప్పుకొనలేదు. హైదరాబాదు రవీంద్రభారతిలో ఘంటసాల విగ్రహమును నెలకొల్పుటకు పూనుకొన్నది ఆయనయే. 1996లో ఈటీవీలో మొదలైన ఆయన పాటల పోటీకి పెట్టిన పేరు 'పాడుతా తీయగా'. అది 1964 నాటి 'మూగమనసులు'లో ఘంటసాల పాడిన పాట యెత్తుగడ. ముందువానిని చెరపి వేయక, ముందువానివలె కనబడక, ముందువాని పేరు చెప్పుకొని తన దారిన పోవుట ఆయన నడత.

2020 సెప్టెంబరు 25న బాలు చెన్నైలో కన్నుమూసెను. 1974 నాటి ప్రశ్న మరల లేచెను: "ఇక ఎవరు పాడుదురు?" కాని ఈ మారు దానికి మునుపు లేని జవాబొకటి సిద్ధముగా నుండెను. యంత్రము పాడగలదు! 2023లో వెలువడిన ఒక తెలుగు చిత్రమున తమ అనుమతి లేకుండ కృత్రిమ మేధచే బాలు గొంతును సృష్టించిరని ఆయన కుటుంబము నోటీసు పంపినట్లు 2024 ఆరంభమున వార్తలు వచ్చినవి. ఆ సంవత్సరమే తమిళమున ఏ.ఆర్. రహమాన్, కుటుంబముల సమ్మతి పొంది, పారితోషికమిచ్చి, మరణించిన ఇద్దరు గాయకుల గొంతులను అట్లే వాడెను. అనుమతి యున్నదా లేదా యన్నది న్యాయమునకు సంబంధించిన ప్రశ్న. దానికి వెనుక కళకు సంబంధించిన ప్రశ్న వేరొకటి కలదు. యంత్రము ఇచ్చునది అచ్చమైన పోలిక. పోలికయే కావలసినచో 1974లోనే తెలుగు పాట అక్కడ ఆగియుండెడిది. బాలు అను గాయకుడు మనకు దక్కియుండడు.

కావున కోట వీథిలోని ఆ వాదము ఆగనక్కరలేదు. వాదులాడుచున్నంత కాలము ఇద్దరు గాయకులును వినబడుచునే యుందురు. ఆగవలసినది వేరొకటి. బడి వార్షికోత్సవమున ఒక బాలిక లేచి పాడినప్పుడు, "అచ్చము ఫలానావారివలె పాడితివి" అని మెచ్చుట మనకు అలవాటు. గూడూరు పోటీలో ఆ నెల్లూరు కుర్రవానితో జానకి ఆ మాట అనలేదు. నీవు పాడగలవు అనెను. అయ్యవారు తమ తరగతిలో ఆ రెండవ మాటను పలికినచో, టీ అంగడిలో మొదటి మాటను ఎంతసేపు పలికినను తప్పులేదు.