ఆసుపత్రి మంచం మీద ఆటబొమ్మ

కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘములోని ఒక కుటుంబమువారి బిడ్డను పరామర్శించడానికి పట్టణములోని ఆసుపత్రికి వెళ్ళాము. వాడు ఆరేళ్ళవాడు. చింతచెట్టు మీదనుండి పడగా తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి మంచము చివర వేలాడదీశారు. మేము వాక్యము చదివి, చాలాసేపు ప్రార్థించాము. "మగపిల్లలు ఏడవకూడదు బాబూ" అని బుద్ధి కూడా చెప్పాము. కళ్ళు తెరిచి చూసేసరికి వాడు ముఖము గోడవైపు తిప్పుకొని ఉన్నాడు. "అయ్యగారికి వందనాలు చెప్పు నాన్నా" అని తల్లి బ్రతిమాలితే దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

అంతలో నర్సమ్మ వచ్చింది. పాత గుడ్డ ఒకటి తీసుకొని ముడులు వేసి బొమ్మలాగా చేసింది. దాన్ని మంచము మీద పడుకోబెట్టి, "డాక్టరుగారూ, ఈ అబ్బాయి చెట్టు మీదనుండి పడ్డాడట. ఏం చేద్దామండీ?" అని పిల్లవాణ్ణి అడిగింది. దుప్పటి మెల్లగా కిందికి జారింది. వాడు బొమ్మ కాలికి కట్టు బిగించాడు. వేలితో సూదిమందు పొడిచాడు. ఆ తరువాత కళ్ళెర్రజేసి, "ఏడ్చావంటే కాలు కోసేస్తా!" అని బొమ్మను గద్దించాడు.

తల్లి నోట మాట రాలేదు. ఆసుపత్రికి తెచ్చేటప్పుడు దారిలో ఏడుపు మాన్పించడానికి ఇంటివారే ఎవరో అన్న మాట అది. ఆ మాటను వాడు అన్ని రోజులు గుండెల్లో మోస్తున్నాడు. నర్సమ్మ నిదానముగా, "ఈ బొమ్మ కాలు ఎవ్వరూ కోయరు. ఎముక తిన్నగా అతుక్కోవాలని బరువు కట్టారు, అంతే. నీ కాలూ అంతే" అని చెప్పింది. మా సుదీర్ఘ ప్రార్థనకు విప్పుకోని ఆ పసి హృదయము ఒక గుడ్డబొమ్మ దగ్గర విప్పుకొన్నది. మేము చదివిన వేదాంత విద్యలో ఈ పాఠము లేదు.

ఆటే పిల్లల మాట

పెద్దలకు దిగులు కలిగితే నలుగురితో చెప్పుకొంటారు. చిన్నపిల్లలకు అంత మాట చేతకాదు. వారి భయము ఆటలో బయటికి వస్తుంది. పైగా ఆసుపత్రిలో బిడ్డకు ఏదీ తన వశములో ఉండదు. ఎవరో వచ్చి సూది వేస్తారు, ఎవరో ఎత్తుకొనిపోతారు, ఎవరో చేదు మందు పోస్తారు. ఆటలో మాత్రము వాడే డాక్టరు, వాడే నాన్న, వాడే యజమాని. అందుచేత ఆట కాలక్షేపము మాత్రమే కాదు. బిడ్డ సేవలో అది ఒక భాగము. ఆట ఎముకను అతికించదు, జ్వరమును తగ్గించదు. ఆ పని మందులది, వైద్యులది. అయితే ఆ మందులను, ఆ నొప్పిని ఓర్చుకొనే ధైర్యము ఆటవలన కలుగుతుంది.

ఇతర దేశాలు నేర్చుకొన్న పాఠము

ఇంగ్లాండులో ఒకప్పుడు అనేక ఆసుపత్రులు తల్లిదండ్రులను వారానికి కొద్దిసేపు మాత్రమే రానిచ్చేవి. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తుంది, రాకపోతే నెమ్మదిగా ఉంటుంది అని వారి తలంపు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సంఘసేవకుడు ఆసుపత్రిలో ఎనిమిది రోజులున్న రెండేళ్ళ పాపను చిత్రీకరించి, 1952లో ఆ చిత్రమును వైద్యులకు చూపించాడు. ఆ నెమ్మది నెమ్మది కాదనీ, దిగమింగుకొన్న దుఃఖమనీ దానిలో కనబడింది. సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1959లో, తల్లిదండ్రులను ఏ వేళనైనా రానివ్వవలెననీ, పిల్లలకు ఆటకు, చదువుకు ఏర్పాటు చేయవలెననీ సిఫారసు చేసింది.

అమెరికాలోని క్లీవ్‌లాండు నగర ఆసుపత్రిలో 1955లో ఎమ్మా ప్లాంక్ అనే ఉపాధ్యాయిని పిల్లల వార్డులో ఆటపాటల సేవ ప్రారంభించింది. ఆమెను పిలిచినవాడు డాక్టర్ ఫ్రెడరిక్ రాబిన్స్. పోలియో క్రిమిపై చేసిన పరిశోధనకు 1954లో నోబెల్ బహుమానము పొందినవారిలో ఆయన ఒకడు. అంతటి వైద్యుడు మందుతోపాటు ఆట కూడా కావలెనని ఎరిగియుండెను. ఆట బిడ్డకు హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణములో ఉన్నది. మన దేశము 1992లో దానిని అంగీకరించింది.

వారు పోరాడి సాధించుకొన్న ఒక మేలు మన పల్లెవారికి వాడుకగానే ఉన్నది. మన వార్డులలో తల్లో, అమ్మమ్మో బిడ్డ మంచము పక్కనే ఉంటుంది. ఆమె చేతికి ఆట ఒకటి అందించడమే మిగిలిన పని.

మనము చేయగలిగినవి

1. "అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు" అని ఇంట్లో బెదిరించకండి. "తప్పు చేశావు గనుక దేవుడు జబ్బు ఇచ్చాడు" అని అసలే అనకండి. చిన్నపిల్లలు చెప్పకుండానే జబ్బును శిక్ష అనుకొంటారు.

2. సూది నొప్పి పుట్టదని అబద్ధము చెప్పకండి. "కొంచెము నొప్పి పుడుతుంది, నేను నీ చెయ్యి పట్టుకొంటాను" అనండి. ఆ సమయములో సబ్బు నీటి బుడగలుగాని, కాగితపు గాలిమరగాని ఊదనివ్వండి. మనసు మళ్ళితే నొప్పి తక్కువ తెలుస్తుంది.

3. గుడ్డబొమ్మకు కట్టు కట్టనివ్వండి, మందు పోయనివ్వండి. బొమ్మతో బిడ్డ ఏమంటున్నాడో చెవియొగ్గి వినండి. దిద్దడానికి తొందరపడవద్దు.

4. మంచము దిగలేని పెద్దపిల్లలకు పలక మీద పులి-మేక, అష్టాచెమ్మా గీయండి. గింజలు, గవ్వలు చిన్నవారికి ఇవ్వకండి. నోట్లో, ముక్కులో పెట్టుకొంటారు.

5. బొమ్మలు ఉతకడానికి, కడగడానికి వీలైనవిగా ఉండాలి. వాడి పారేసిన సిరంజీలు, సీసాలు ముట్టనివ్వరాదు. కొత్త ఆట ఏదైనా నర్సునడిగి మొదలుపెట్టండి.

6. ఆడలేనంత నీరసముగా ఉంటే బలవంతము చేయకండి. పక్కన కూర్చొని మీరు ఆడితే బిడ్డ చూస్తాడు. అదీ ఆటే.

జెకర్యా ప్రవక్త యెరూషలేము బాగుపడే దినమును గురించి చెప్పుచు, దాని వీధులలో ఆడుకొనే పిల్లలను చూపించెను (8వ అధ్యాయము, 5వ వచనము). పట్టణము బాగుపడినదనుటకు ప్రవక్తకు కనబడిన గుర్తులలో పిల్లల ఆట ఒకటి.

ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళేవరకు మేము మరి నాలుగుసార్లు వెళ్ళాము. ముందు పులి-మేక ఆడేవారము, తరువాత ప్రార్థన. రెండవసారి ప్రార్థన ముగియగానే వాడే "ఆమెన్" అన్నాడు. తరువాత బొమ్మ తల పట్టుకొని వంచి, దానిచేత కూడా మాకు వందనాలు చెప్పించాడు.