చిన్న వ్యాపారానికి ఆఫీసు సాఫ్ట్‌వేర్: ఏది కొనాలి, ఎందరికి కొనాలి

ఆఫీసు సాఫ్ట్‌వేర్ కొనడమంటే వాడుకునే అనుమతి కొనడం. ఆ అనుమతినే లైసెన్సు అంటారు. బియ్యం బస్తా కొన్నాక వండుకున్నా, తిరిగి అమ్ముకున్నా అడిగేవారుండరు. వర్డ్, ఎక్సెల్ సంగతి అలా కాదు. ఎవరు వాడాలి, ఎన్ని యంత్రాల్లో వాడాలి, ఎంతకాలం, ఏ పనికి అన్నవి లైసెన్సులోనే రాసి ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అందరూ చదవకుండా ఒప్పుకుంటున్నట్టు నొక్కేసే పత్రం అదే.

దొంగ కాపీలు వాడడం తప్పని అందరికీ తెలుసు. డబ్బు పెట్టి కొన్న సరుకునే వాడకూడని చోట వాడడం కూడా తప్పేనని చాలామందికి తెలియదు. షాపులో కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆఫీస్ ‘హోమ్ అండ్ స్టూడెంట్’ 2019, 2021 వెర్షన్లు ఇంటి అవసరాలకూ పిల్లల చదువులకూ ఉద్దేశించినవి. అదే ల్యాప్‌టాప్‌ని కొట్లో పెట్టి కొటేషన్లు, బకాయిల పట్టికలు తయారుచేస్తే షరతు మీరినట్టే. వ్యాపారానికి ‘హోమ్ అండ్ బిజినెస్’ అనే వేరే రకం ఉంది. చందా కట్టి వాడుకునే మైక్రోసాఫ్ట్ 365లోని పర్సనల్, ఫ్యామిలీ ప్లాన్లకూ ఇదే నియమం. తక్కువ ధర చూసి ఫ్యామిలీ ప్లాన్ తీసుకుని నలుగురు గుమాస్తాలకు పంచే యజమాని, డబ్బు కట్టి కూడా లైసెన్సు లేనివాడే అవుతాడు.

ఒకసారి డబ్బు కట్టి ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది కంప్యూటర్‌తో పాటే వచ్చే ఓఈఎం లైసెన్సు. ఇది యంత్రంతో పుట్టి యంత్రంతోనే పోతుంది. మదర్‌బోర్డు కాలిపోయి కొత్త కంప్యూటర్ కొంటే పాత విండోస్‌ను అందులోకి మార్చుకునే హక్కు ఉండదు. రెండోది విడిగా కొనే రిటైల్ లైసెన్సు. దీన్ని పాత యంత్రంలోంచి తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు. అసెంబుల్డ్ కంప్యూటర్ కొనేవారు బిల్లులో విండోస్ విడిగా రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఆ వరుస లేకపోతే కంప్యూటర్‌లో ఉన్న విండోస్ ఎక్కడిదో అమ్మినవాణ్ని అడగాల్సిందే. ఇంటర్నెట్‌లో అయిదారు వందలకు దొరికే కీలను కూడా ఇదే అనుమానంతో చూడాలి. కీ పనిచేసినంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు.

‘శాశ్వతం’ అన్న మాటకూ హద్దుంది. సాఫ్ట్‌వేర్ ఆగిపోదు కానీ, కంపెనీ భద్రతా మరమ్మతులు ఇవ్వడం ఆపేస్తుంది. ఆఫీస్ 2016, 2019లకు, విండోస్ 10కి ఆ గడువు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆఫీస్ 2021కి 2026 అక్టోబరు 13 వరకు, ఆఫీస్ 2024కి 2029 అక్టోబరు 9 వరకు గడువుంది. చౌకగా వస్తోందని గడువు దగ్గరపడిన వెర్షన్ కొనడం, ఎక్స్‌పైరీ దగ్గరకొచ్చిన మందును డిస్కౌంటుకు కొనడం లాంటిది.

చందా పద్ధతిలో లెక్క యంత్రాలను బట్టి కాక మనుషులను బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్ తీసుకున్న ఒక్క మనిషి అయిదు కంప్యూటర్లలో, అయిదు ట్యాబ్లెట్లలో, అయిదు ఫోన్లలో పెట్టుకోవచ్చు. ఒక్క లాగిన్‌ను ఇద్దరు పంచుకోవడం మాత్రం కుదరదు. బిజినెస్ బేసిక్ ఇంకా చవక. అయితే అందులో వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ పనిచేస్తాయి తప్ప కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ కావు. నెట్ సరిగా లేని ఊళ్లో ఈ తేడా మొదటి వారంలోనే తెలిసొస్తుంది. ఈ చిన్న వ్యాపార ప్లాన్లు 300 మంది వరకే. గూగుల్ వర్క్‌స్పేస్ బిజినెస్ ప్లాన్లకూ అదే హద్దు.

చందాలో అసలు మెలిక రద్దు దగ్గర ఉంటుంది. ఏడాదికి ఒప్పుకున్న మైక్రోసాఫ్ట్ చందాను మొదటి ఏడు రోజుల్లో రద్దు చేసుకోకపోతే ఏడాదంతా కట్టాలి. మధ్యలో ఇద్దరు గుమాస్తాలు మానేసినా ఆ రెండు లైసెన్సుల డబ్బు ఆగదు. నెలనెలా మానుకునే వీలున్న ఒప్పందానికి దాదాపు 20 శాతం ఎక్కువ వసూలు చేస్తారు. మనుషులు తరచూ మారే చోట ఈ ఎక్కువే చివరికి తక్కువ. చందా ఆగిపోతే కంప్యూటర్‌లోని వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను చూడనిస్తాయి, ప్రింటు తీయనిస్తాయి, దిద్దనివ్వవు. క్లౌడ్‌లో ఉన్న మెయిళ్లు, ఫైళ్లు కొంత గడువు తర్వాత చెరిగిపోతాయి.

పైసా ఖర్చు లేని దారి లిబ్రెఆఫీస్. జర్మనీలో స్టార్ఆఫీస్‌గా పుట్టి, 1999లో సన్ కంపెనీ చేతికి వచ్చి, ఓపెన్ఆఫీస్‌గా మారిన సాఫ్ట్‌వేర్‌కు ఇది వారసురాలు. సన్‌ను ఒరాకిల్ కొన్న 2010లోనే వాలంటీర్లు దీన్ని వేరుచేసి డాక్యుమెంట్ ఫౌండేషన్ కింద నడపడం మొదలుపెట్టారు. ఎన్ని కంప్యూటర్లలోనైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. ఉత్తరాలు, కొటేషన్లు, స్టాకు పట్టికలు, జీతాల లెక్కలు దీంతో హాయిగా జరిగిపోతాయి. చిక్కల్లా మ్యాక్రోలు, అంటే పనులను వాటంతటవే చేసే ఆదేశాలు, ఉన్న ఎక్సెల్ ఫైళ్లతోనే. జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొన్ని ఆఫ్‌లైన్ రిటర్ను ఫైళ్లు అసలైన ఎక్సెల్ కోసమే తయారయ్యాయి. ఆడిటరు పంపే షీట్లూ ఒక్కోసారి చెదిరిపోతాయి. అంతమాత్రాన లిబ్రెఆఫీస్‌ను పూర్తిగా పక్కనపెట్టాల్సిన పనిలేదు. లెక్కలు చూసే మనిషికి ఒక్క ఎక్సెల్ ఉంటే చాలు.

మెయిలు, ఫైళ్లు, చాటింగు ఒకేచోట కావాలనుకునేవారికి గూగుల్‌తో పాటు చెన్నై కంపెనీ జోహో ఇచ్చే వర్క్‌ప్లేస్ కూడా ఉంది.

లెక్కల సాఫ్ట్‌వేర్ వేరే సంగతి. అక్కడ చట్టమూ కలగజేసుకుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేట్ లిమిటెడ్‌తో సహా కంపెనీలన్నీ ప్రతి ఎంట్రీనీ ఎప్పుడు, ఏమని మార్చారో నమోదుచేసే సాఫ్ట్‌వేరే వాడాలి. ఆ నమోదును ఆపేసే వీలుండకూడదు. సొంత వ్యాపారానికి, భాగస్వామ్య సంస్థకు ఈ నిబంధన లేదు. ట్యాలీలో సిల్వర్ లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కి, గోల్డ్ ఒకే నెట్‌వర్క్‌లోని అన్ని కంప్యూటర్లకి. లైసెన్సు శాశ్వతమే అయినా, కొత్త వెర్షన్ల కోసం టీఎస్ఎస్ అనే చందాను పొడిగించుకుంటూ ఉండాలి. జీఎస్టీ నిబంధనలు మారుతూ ఉండే దేశంలో ఆ ఖర్చు తప్పించుకోవడం కష్టం.

విజయవాడలో తొమ్మిది మందితో నడిచే మందుల ఏజెన్సీని ఉదాహరణగా తీసుకుంటే లెక్క సులువుగా అర్థమవుతుంది. యజమాని, అకౌంటెంటు, ఇద్దరు బిల్లింగ్ గుమాస్తాలు, గోడౌన్ చూసేవాడు, లైన్ తిరిగే నలుగురు సేల్స్‌మెన్. డీలరు తొమ్మిది స్టాండర్డ్ లైసెన్సులకు కొటేషన్ ఇస్తాడు. నిజానికి ఎక్సెల్ కావాల్సింది యజమానికి, అకౌంటెంటుకి మాత్రమే. బిల్లింగ్ వాళ్లు పొద్దంతా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటారు. గోడౌన్ పట్టికకు లిబ్రెఆఫీస్ సరిపోతుంది. సేల్స్‌మెన్‌కి సంస్థ పేరుతో మెయిలు ఇవ్వాలనుకుంటే బేసిక్ చాలు, లేదంటే అదీ అక్కర్లేదు. అంటే తొమ్మిది కావాలన్న చోట రెండు చాలు. ఎవరు ఏ పని చేస్తారో ఒక కాగితం మీద రాసుకోకుండా డీలరును పిలవడమే చాలా ఆఫీసులు చేసే తప్పు.

తెలుగులో ఉత్తరాలు, కరపత్రాలు తయారుచేసే సంస్థలు ఫాంట్లకూ లైసెన్సుంటుందని మరచిపోకూడదు. డీటీపీ సెంటర్లలో వాడుకలో ఉన్న అను ఫాంట్లు డబ్బు పెట్టి కొనాల్సినవి. పైగా ఆ పాత పద్ధతిలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. ఆ చిక్కు లేని రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని వ్యాపారానికి వాడినా అభ్యంతరం లేదు.

దొంగ కాపీ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం కాదని రుజువైతే కోర్టు జైలుశిక్ష లేకుండా వదిలేయవచ్చు. కొట్టు నడిపేవారికి ఆ మినహాయింపు దొరకడం కష్టం. అయితే కోర్టు నోటీసు కన్నా ముందు వచ్చేది వైరస్. లైసెన్సు లేకుండా సాఫ్ట్‌వేర్‌ను నడిపించే క్రాక్ ఫైలు వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఇంటి తాళం తీసిపెట్టి ఎవరినో లోపలికి పిలవడమే అది. ఆ కంప్యూటర్‌లోనే బ్యాంకు లాగిన్లూ, ఖాతాదారుల బకాయిలూ ఉంటాయి.

సరైన లైసెన్సు ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌పై 18 శాతం జీఎస్టీ పడుతుంది. కొనేటప్పుడు జీఎస్టీ నంబరు ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలులేదు. యజమాని సొంత కార్డుతో, సొంత పేరుతో ఆన్‌లైన్‌లో కొనేసి నంబరు ఇవ్వడం మరచిపోతే క్రెడిట్ పోయినట్టే. ఆదాయపు పన్ను లెక్కలో శాశ్వత లైసెన్సుకు కంప్యూటర్‌తో సమానంగా 40 శాతం తరుగుదల చూపవచ్చు. చందా మాత్రం ఆ ఏడాది ఖర్చుగానే పోతుంది.

కొన్నాక బిల్లు, కీ, ఏ మెయిలుతో రిజిస్టరు చేశారు, రెన్యువల్ తేదీ ఎప్పుడు అన్నవి ఒక ఫైలులో ఉంచాలి. సంస్థ డొమైన్ పేరూ అడ్మిన్ పాస్‌వర్డూ యజమాని పేరు మీదే ఉండాలి. అవి సర్వీసుకు వచ్చే కుర్రాడి ఫోన్‌లో ఉంటే, అతను వేరే ఊరు వెళ్లిన రోజున సంస్థ మెయిలు కూడా అతనితోపాటే వెళ్తుంది.